కూల్చి కాపాడే కళ

టర్కీలో 2005లో ఒక చట్టం వచ్చింది. నంబరు 5366. పేరు మాత్రం గుక్క తిప్పుకోకుండా చదవగలిగేది కాదు: శిథిలమవుతున్న చారిత్రక, సాంస్కృతిక స్థిరాస్తులను పునరుద్ధరించి కాపాడటానికి, సజీవంగా ఉంచి వాడుకోవటానికి ఉద్దేశించిన చట్టం. ఇంత దయ ఒలికే పేరు చూశాక ఎవరికైనా ఏం అనుమానం వస్తుంది? ఏదో ముసలి ఇంటికి కాస్త సున్నం వేస్తారు, కారే కప్పు సరిచేస్తారు, పట్టాలు ఇస్తారు, అంతే కదా అనుకుంటాం. ఆ చట్టం పట్టుకుని బుల్‌డోజర్ వస్తుందని చట్టం పేరులో ఎక్కడా లేదు మరి.

ఈ వైద్యానికి తొలి రోజుల్లో దొరికిన రోగి సులుకులే. ఇస్తాంబుల్ పాత నగరానికి పడమటి హద్దుగా అయిదో శతాబ్దంలో బైజాంటిన్లు కట్టిన గోడ ఉంది. ఆ గోడను ఆనుకుని రోమాల పేట. ప్రపంచంలోనే అతి పాత రోమా వాడల్లో ఇదొకటని చెబుతారు. వీళ్ల పూర్వీకులు వెయ్యేళ్ల కిందట మన దేశం నుంచి బయల్దేరిన వాళ్లేనని భాషావేత్తలు తేల్చారు కాబట్టి ఒక విధంగా దూరపు చుట్టాలు. ఒకటి రెండు అంతస్తుల ఇళ్లు, నలుగురూ కలిసి వాడుకునే వాకిళ్లు, పెళ్లిళ్లకు కావలసిన క్లారినెట్టూ డోలూ అన్నీ అక్కడే. గోడ యునెస్కో జాబితాలో 1985 నుంచే ఉంది. గోడ పక్కన బతుకుతున్న మనుషులు ఏ జాబితాలోనూ లేరు. అక్కడే వచ్చింది చిక్కు.

2008, 2009 సంవత్సరాల్లో వాడ నేలమట్టమైంది. కొన్ని వందల కుటుంబాలకు దాదాపు 40 కిలోమీటర్ల అవతల, తాషొలుక్ అనే చోట ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ ‘తోకి’ కట్టిన అపార్టుమెంట్లలో ఫ్లాట్లు చూపించారు. ఉచితంగా కాదు లెండి, నెలవారీ వాయిదాల మీద. ఏ రాత్రి వాయిస్తే ఆ రాత్రి డబ్బులు అందుకునే వాద్యగాడికి నెలకో వాయిదా, గ్యాసు బిల్లు, మెయింటెనెన్సు, పైగా పని దొరికే చోటుకి రానూపోనూ బస్సు ఖర్చు. నెలలు తిరక్కుండానే దాదాపు అందరూ తట్టాబుట్టా సర్దుకుని పాత పేట చుట్టుపక్కల సందుల్లోకే అద్దెకి వచ్చేశారు. వాళ్ల వాకిళ్లు ఉన్నచోట వరసగా ‘ఒట్టోమన్ శైలి’ ఇళ్లు లేచాయి. వీధిలోకి పొడుచుకొచ్చిన కిటికీలు, చెక్క పలకల్లా కనిపించే ముఖభాగాలు, కింద కార్ల పార్కింగు. సుల్తానుల కాలంలో భూగర్భ పార్కింగు ఉండేదా అని అడక్కండి, సంప్రదాయం అంటే అంతే.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం 2012ది. ఆ ఏడాది ఇస్తాంబుల్ పరిపాలనా న్యాయస్థానం ఈ ప్రాజెక్టు ప్రజాప్రయోజనానికి విరుద్ధమని కొట్టేసింది. తీర్పు వచ్చేనాటికి పాత ఇళ్లు లేవు, కొత్త ఇళ్లు సిద్ధం. వాదోపవాదాలన్నీ అయిపోయి న్యాయం గెలిచింది, ఇల్లు మాత్రం రాలేదు.

ఇక తర్లాబాషి. తక్సీం కూడలికి కూతవేటు దూరంలో ఉన్న ఈ పేటను ఒకప్పుడు గ్రీకులు, ఆర్మీనియన్లు, యూదులు కట్టుకున్నారు. 1942లో సంపద పన్ను పేరుతో, 1955లో అల్లరి మూకల చేత, 1964లో దేశ బహిష్కరణ ఉత్తర్వులతో ఆ యజమానుల్లో చాలామందిని సాగనంపారు. ఖాళీ అయిన ఇళ్లలోకి పల్లెల నుంచి వచ్చిన పేదలు, ఆగ్నేయం నుంచి తరిమివేతకు గురైన కుర్దులు, రోమాలు, ఇంకెక్కడా ఇల్లు అద్దెకు దొరకని ట్రాన్స్ మహిళలు చేరారు. 2006లో ఈ పేటలో తొమ్మిది బ్లాకుల్ని పునరుద్ధరణ ప్రాంతంగా ప్రకటించారు. అందులో 278 భవనాలు, వాటిలో 210 వారసత్వ కట్టడాలుగా నమోదైనవే. కాంట్రాక్టు దక్కిన నిర్మాణ సంస్థ మాతృ గ్రూపుకి అప్పటి సీఈఓ, నాటి ప్రధానమంత్రి ఎర్డోగాన్‌గారి అల్లుడు. యాదృచ్ఛికాలు ఎక్కడైనా జరుగుతాయి.

అక్కడ కాపాడిన తీరు చూడాల్సిందే. లోపలి గదులు, మెట్లు, గోడలు, దూలాలు అన్నీ తీసేసి, వీధివైపు ముఖాన్ని మాత్రం కొన్నిచోట్ల ఇనుప చట్రాలతో నిలబెట్టారు, మిగతాచోట్ల కొత్తగా పోతపోశారు. వెనకాల ఆఫీసులూ ఖరీదైన ఫ్లాట్లూ. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెతను ఇంత ఖర్చుపెట్టి సిమెంటులో కట్టినవాళ్లు ఇంకెక్కడా ఉండరు. ఇక్కడ చిన్న తేడా ఏమిటంటే, నెయ్యి తాగిన తాతలు వేరే వాళ్లు, వాళ్లని తరిమేసింది కూడా ఆ దేశమే.

తర్లాబాషి ఉన్న బేయోగ్లు ప్రాంతంలోనే ఎమెక్ అని 1924 నాటి సినిమా హాలు ఉండేది. సీలింగు నిండా పూతపూసిన శిల్పాలు, ఇస్తాంబుల్ చిత్రోత్సవానికి అది గుండెకాయ. దాన్ని కూల్చి షాపింగ్ మాల్ కడతామన్నారు. 2013 ఏప్రిల్‌లో జనం వీధికెక్కితే, వాళ్లలో దర్శకుడు కోస్తా గావ్రాస్ కూడా నిలబడి ఉండగా, పోలీసులు నీటి ఫిరంగులు ప్రయోగించారు. అధికారిక వాదన మాత్రం అమోఘం. మేం హాలును కూల్చటం లేదు, పైకి జరుపుతున్నాం. అలంకారాల్ని ఊడదీసి మాల్ పై అంతస్తులో మళ్లీ అతికిస్తాం, పేరు కూడా అదే ఉంచుతాం. మాట నిలబెట్టుకున్నారు కూడా. ఇప్పుడు ఎస్కలేటర్లెక్కి, బట్టల దుకాణాలు దాటుకుని, ‘చారిత్రక’ ఎమెక్‌కి వెళ్లవచ్చు. చరిత్రకు లిఫ్టు సౌకర్యం కల్పించిన ఘనత ఆ నగరానిదే.

ఎమెక్ కనీసం ఉన్నదాన్ని పీకి మళ్లీ పెట్టటం. తక్సీంలో తలపెట్టింది ఇంకా గొప్ప పని, లేనిదాన్ని కాపాడటం. 1806లో కట్టిన ఫిరంగి దళాల బ్యారక్స్ ఒకటి అక్కడ ఉండేది. తర్వాత దాని ఆవరణ ఫుట్‌బాల్ మైదానమైంది, టర్కీ జాతీయ జట్టు 1923లో తొలి మ్యాచ్ ఆడింది అక్కడే. ఫ్రెంచి నగర ప్రణాళికాకారుడు ఆన్రీ ప్రోస్త్ ప్లాను ప్రకారం 1940లో దాన్ని కూల్చి పార్కు వేశారు. డెబ్బయ్యేళ్ల తర్వాత ఏలికలకు ఆ బ్యారక్స్ మీద బెంగ పుట్టింది. పార్కులో చెట్లు కొట్టి, పోయిన భవనాన్ని మళ్లీ లేపాలి. సైనికులు లేరు కాబట్టి లోపల మాల్ పెట్టుకోవచ్చు. 2013 మే చివర్లో గెజి పార్కులో నలుగురు చెట్లకడ్డం నిలబడితే మొదలైన గొడవ దేశమంతా పాకింది. బ్యారక్స్ రాలేదు, పార్కు మిగిలింది. కానీ లెక్క తేలకుండా పోలేదు. ఆ పార్కు కోసం వాదించిన నగర ప్రణాళికాకారుడు తాయ్‌ఫున్ కహ్రమాన్‌కు 2022లో 18 ఏళ్ల జైలు పడింది, 2023లో పై కోర్టు దాన్ని ఖాయం చేసింది. పట్టణ ప్రణాళిక చదువుతున్న పిల్లలు ఇది గమనించాలి. సిలబస్‌లో ఉండదు.

రాజధాని అంకారా దీనికేమీ తీసిపోలేదు. మెలిహ్ గోక్‌చెక్ అనే మేయరు ఇరవై ఏళ్లకు పైగా ఏలాడు. ఆయన హయాంలో నగరంలోకి వచ్చే పెద్ద రోడ్ల మీద సెల్జుక్, ఒట్టోమన్ పోకడలతో బ్రహ్మాండమైన తోరణాలు లేచాయి. వాటికి గోడా లేదు, తలుపూ లేదు, ముట్టడించే శత్రువూ లేడు, కింద ట్రాఫిక్ జాం ఉంది. రిపబ్లిక్ స్థాపకుడు అతాతుర్క్ జాతికిచ్చిన వ్యవసాయ క్షేత్రంలో డైనోసార్ల థీమ్ పార్కు వేశారు. పాత మీద అంత మోజున్న మేయరు డైనోసార్ల దాకా వెళ్లటంలో ఆశ్చర్యమేముంది? అదే క్షేత్రంలో వెయ్యికి పైగా గదులతో అధ్యక్ష భవనం 2014లో పూర్తయింది. రక్షిత స్థలంలో పని ఆపమని కోర్టు చెబితే, చేతనైతే వచ్చి కూల్చమని ఎర్డోగాన్ సవాలు విసిరారు. ఇక 2017లో, రిపబ్లిక్ తొలినాళ్ల వాస్తుశిల్పి సెయ్‌ఫీ అర్కాన్ కట్టిన 1937 నాటి ఇల్లర్ బ్యాంకు భవనాన్ని కూల్చేశారు. అప్పటికి పక్కనే పాత శైలిలో కొత్త మసీదు లేస్తోంది మరి. నిజంగా ఎనభై ఏళ్ల నాటిది పోయింది, నిన్నకాక మొన్న కట్టిన ‘పురాతనం’ నిలిచింది.

నల్లసముద్రం ఒడ్డున షిలె దగ్గర రాతి దిబ్బ మీది బురుజు మాట కూడా ఒక్క ముక్క. 2015లో దాన్ని ఎంత శుభ్రంగా మరమ్మతు చేశారంటే, తెల్లగా నున్నగా చదరంగా తేలిన ఆ ముఖాన్ని చూసి జనం కార్టూన్ పాత్ర స్పాంజ్‌బాబ్‌ని గుర్తుచేసుకుని నవ్వారు. అంతకన్నా చెప్పటానికేం లేదు.

నవ్వు ఆగిపోయే చోట్లు కూడా ఉన్నాయి. టైగ్రిస్ నది మీద హసన్‌కేఫ్ అనే ఊరు వేల ఏళ్లుగా ఉండేది. ఇలిసు డ్యాం కోసం దాన్ని ముంచాలని తేల్చారు. 2017 మే నెలలో జెయ్‌నెల్ బే సమాధిని తరలించారు. పదిహేనో శతాబ్దపు కట్టడం, గుండ్రటి ఇటుక గోడ చుట్టూ మణి నీలం పెంకులతో అల్లిన అక్షరాలు. దాన్ని కింద నుంచి కోసి, కాంక్రీటు పీఠం మీదకెత్తి, ఎన్నో చక్రాల వాహనం మీద 1,100 టన్నుల బరువుతో అంగుళం అంగుళంగా నడిపించారు. దాదాపు రెండు కిలోమీటర్ల ప్రయాణం. టీవీలన్నీ చూపించాయి. ఇంజనీర్ల పనితనానికి దండం పెట్టాల్సిందే, అందులో వెటకారం లేదు. కానీ కెమెరాలు అటు తిరిగి ఉండగా ఇటు కొండ గుహలు, బజారు వీధి, తోటలు ఉన్నచోటే ఉన్నాయి. 2020 వసంతానికి వాటి మీద నీళ్లు నిలిచాయి. ఒక్క సమాధిని కాపాడిన ఫోటోతో మొత్తం ఊరి సంతాపసభ ముగిసింది.

దియార్‌బకిర్ పాతనగరం సుర్‌ది ఇంకో తరహా. నల్ల బసాల్టు రాతి కోట, దాన్ని ఆనుకున్న హెవ్‌సెల్ తోటలు 2015 జులైలో యునెస్కో జాబితాకెక్కాయి. అదే ఏడాది కుర్దు యువకులకూ బలగాలకూ మధ్య వీధి పోరాటాలు మొదలయ్యాయి. నవంబరు 28న అక్కడి న్యాయవాదుల సంఘం అధ్యక్షుడు తాహిర్ ఎల్చి, నాలుగు కాళ్ల మినారుకి తగిలిన తూటాల గాయాలు చూపిస్తూ, ఈ చారిత్రక స్థలంలో ఆయుధాలు వద్దని చెప్పారు. ఆ మినారు దగ్గరే కాల్చి చంపబడ్డారు. కొన్ని నెలలకు ప్రధాని దావుతోగ్లు, సుర్‌ని స్పెయిన్‌లోని తోలేదోలా తీర్చిదిద్దుతామని హామీ ఇచ్చారు. 2016 మార్చిలో సుర్‌లోని స్థలాల్లో ఐదింట నాలుగు వంతుల్ని అత్యవసర స్వాధీనం కిందకి తెచ్చారు. ఆర్మీనియన్ల సుర్ప్ గిరాగోస్ చర్చి కూడా అందులోనే. ఇరుకు సందులు పోయి వెడల్పు రోడ్లొచ్చాయి, కాంక్రీటు గోడల మీద బసాల్టు పలకలు తొడిగిన కొత్త ఇళ్లొచ్చాయి. తోలేదో రాలేదు.

ఇదంతా ఎర్డోగాన్ పార్టీ ఒక్కదాని పుణ్యమే అంటే అన్యాయమవుతుంది. 1950లలో ప్రధాని మెండెరెస్ పాత ఇస్తాంబుల్ నడుమ నుంచి వతన్, మిల్లెత్ రహదార్లు కోసుకుంటూ పోయాడు. 1980లలో మేయరు దలాన్, గోల్డెన్ హార్న్ నీళ్లు నా కళ్లంత నీలంగా మారుస్తానంటూ, తర్లాబాషిలో రోడ్డు వెడల్పు కోసం వందల భవనాలు కూల్చాడు. తక్సీం బ్యారక్స్‌ని పడగొట్టింది ఆధునికతను కొలిచినవాళ్లు. అయితే వాళ్లు పాతదాన్ని పాత అనే కూల్చారు. చరిత్ర మీద ప్రేమతో చరిత్రను కూల్చే నేర్పు మాత్రం ఇటీవలిది.

మీరెంత వెక్కిరించినా భూకంపాల దేశం కదా, పాత ఇళ్లు కూల్చక తప్పుతుందా అని అడిగేవాళ్లున్నారు. సరైన ప్రశ్నే. 1999 ఆగస్టులో ఇజ్మిత్ భూకంపం నేర్పిన పాఠం చిన్నదేం కాదు. 2012లో ప్రమాదకర భవనాల కోసం 6306 నంబరు చట్టం కూడా వచ్చింది. కానీ ప్రమాదాన్ని కొలిచే సూది చదరపు మీటరు ధర వైపు ఎందుకు తిరుగుతుంది? కడలి గాలి వీచే బాగ్దాద్ వీధి లాంటి చోట్ల బిల్డర్లు క్యూ కట్టారు. లాభం లేని పేటలకు భూకంపం ఒక్కటే వచ్చే అతిథి. ఒకటి రెండు అంతస్తుల సులుకులే ఇళ్ల మీద చూపిన పట్టుదల పది అంతస్తుల అక్రమ భవనాల మీద చూపలేదు సరికదా, 2018లో ‘నిర్మాణ శాంతి’ పేరుతో రుసుము కట్టించుకుని వాటికి కాగితాలిచ్చారు. మరుసటి ఏడాది ఎన్నికల సభలో ఎర్డోగాన్ కహ్రమాన్‌మరాష్‌కి వెళ్లి, ఈ పథకంతో ఇక్కడి లక్షా 44 వేల మంది సమస్య తీర్చామని గొప్పగా చెప్పారు. 2023 ఫిబ్రవరి 6 నాటి భూకంపానికి కేంద్రం అదే జిల్లా. టర్కీలో పోయినవాళ్లు 53 వేలకు పైనే.

నిజంగా పాతది ఎదురైతే ఏలికలకు చిరాకు రావటం కూడా వింతే. మర్మరే సొరంగ రైలు కోసం ఇస్తాంబుల్‌లోని యెనికపిలో తవ్వితే బైజాంటిన్ కాలపు 37 ఓడలు బయటపడ్డాయి, ఇంకా కిందికి వెళ్తే ఎనిమిది వేల ఏళ్ల నాటి మనుషుల అడుగుజాడలు. నాలుగు కుండపెంకుల కోసం మా ప్రాజెక్టు ఏళ్ల తరబడి ఆగిందని ఎర్డోగాన్ విసుక్కున్నారు. నిజమే, ఆ ఓడల్లో మాల్ పెట్టలేరు.

ఇస్తాంబుల్ టూరు ప్యాకేజీ కొన్న మనవాళ్లు ఎలాగూ బాస్ఫరస్ ఓడ ఎక్కుతారు. సుల్తాన్ అహ్మద్ మసీదు ఆరు మినార్లను ఫోటో తీసేటప్పుడు వాటి వెనకాల లేచిన మూడు టవర్లను కూడా చూడండి. జెయ్‌తిన్‌బుర్నులోని ఆ టవర్ల పేరు పదహారు-తొమ్మిది. పాతనగరం ఆకాశరేఖను పాడుచేశాయని కోర్టు వాటి అనుమతుల్ని రద్దుచేసింది. పై అంతస్తులు కాస్త తగ్గించమని తానే యజమానిని అడిగానని, వినకపోయేసరికి మాట్లాడటం మానేశానని అప్పటి ప్రధాని ఎర్డోగాన్ చెప్పుకున్నారు. ఆ టవర్ల మీద నుంచి ఒక్క అంతస్తు కూడా దిగలేదు.