మూడో స్థానంలో ఘనవిజయం

మన దగ్గర కౌంటింగ్ రోజున ఓడిపోవడానికి ఒక క్రమం ఉంది. మొదటి రౌండ్‌లో వెనకబడితే ‘మా మండలాలు ఇంకా లెక్కకు రాలేదు’ అంటారు. మధ్యాహ్నానికి ఈవీఎంల మీద అనుమానం పుడుతుంది. పొద్దుగూకేసరికి ‘నైతిక విజయం మాదే’ అని ప్రెస్‌మీట్ పెడతారు. ఏదేమైనా, నైతికంగా గెలిచే ముందు మామూలుగా ఓడిపోవాలన్న కనీస మర్యాద మనవాళ్లు పాటిస్తారు. అమెరికాలో అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం దిగేవాళ్లకు అంత ఓపిక ఉండదు.

2024 జనవరి 15 రాత్రి అయోవాలో ఎముకలు కొరికే చలి, రిపబ్లికన్ల కాకస్‌లు, అంటే పార్టీ అభ్యర్థి కోసం జనం గుమిగూడి ఓటేసే సమావేశాలు. సమావేశాలు మొదలైన అరగంటకే, కొన్నిచోట్ల జనం ఇంకా ఓటే వేయకముందే, ట్రంప్ గెలిచారని వార్తాసంస్థలు తేల్చేశాయి. ఆయనకు 51 శాతం, డిశాంటిస్‌కు 21, నిక్కీ హేలీకి 19. ఇక వేదికల మీద పండగ. మూడో స్థానంలో ఉన్న హేలీ మైకు పట్టుకుని, ఈ పోటీని అయోవా ఇద్దరి మధ్య పోటీగా మార్చేసిందని ప్రకటించారు. ఆ ఇద్దరిలో ఒకరు తానేనట. రెండో స్థానంలో ఉన్న పెద్దమనిషి ఏమైపోయారో చెప్పలేదు. ఆయనేమో రాష్ట్రంలోని 99 కౌంటీలూ కాళ్లరిగేలా తిరిగి, ఒక్కటంటే ఒక్కటీ గెలవకుండానే, అయోవా నుంచి ముందుకెళ్లే టికెట్ చేతికొచ్చిందని మురిసిపోయారు. ఆరో రోజుకి ఆ టికెట్ చించేశారు. ట్రంప్ చేజారిన ఏకైక కౌంటీ జాన్సన్. అది హేలీకి దక్కింది, ఒక్క ఓటు తేడాతో. ఆ రాత్రి ఓడిపోయినవాడు ఓడిపోయినట్టు నడుచుకున్నది నాలుగో స్థానంలో నిలిచిన వివేక్ రామస్వామి ఒక్కరే. వెంటనే తప్పుకుని ట్రంప్‌కు జై కొట్టారు. పాపం, ఎన్నికల్లో నిలబడటం ఆయనకు అదే మొదటిసారి. అలవాటు లేదు.

ఇంత సంబరం దేనికయ్యా అంటే, అభ్యర్థిని చివరకు ఎన్నుకునే మొత్తం 2,429 మంది పార్టీ ప్రతినిధుల్లో అయోవా వాటా 40 మంది.

అసలు అక్కడ ఓట్లు లెక్కపెట్టడం ఒక లాంఛనం. గెలుపోటములు తేల్చేది అంచనాలు. అనుకున్నదానికంటే ఎక్కువ తెచ్చుకున్నవాడు విజేత, తక్కువ తెచ్చుకున్నవాడు మొదటి స్థానంలో ఉన్నా పరాజితుడే. అందుకే ఫలితాలకు వారం ముందు ప్రతి శిబిరమూ ఇంటర్ రిజల్ట్స్ ముందు తల్లిలా మాట్లాడుతుంది. ‘మావాడు పాసైతే చాలండీ, ర్యాంకు పక్కింటి వాడిదే.’ 1968లో న్యూహ్యాంప్‌షైర్ ప్రైమరీలో, అంటే సమావేశాలు లేకుండా నేరుగా బ్యాలెట్ వేసే ఎన్నికలో, సాక్షాత్తూ అధ్యక్షుడు జాన్సన్ 49 శాతంతో మొదట నిలిచారు. 42 శాతం తెచ్చుకున్న యూజీన్ మెకార్తీ గెలిచినట్టు పత్రికలు కోడై కూశాయి. ఆ నెలాఖరుకు జాన్సన్ టీవీలో కనబడి, నేనిక పోటీలో ఉండనన్నారు. 1992లో అక్కడే రెండో స్థానంలో వచ్చిన బిల్ క్లింటన్, పడిలేచిన కుర్రాణ్ని అంటూ తనకు తానే బిరుదు ప్రదానం చేసుకున్నారు. మొదటి స్థానంలో వచ్చింది పాల్ సాంగస్. ఆ పేరు విన్నట్టుందని తలూపేవాళ్లను నేను నమ్మను.

2012 అయోవా ముచ్చటైతే మన పంచాయతీ ఎన్నికలకు పాఠంగా పెట్టదగింది. జనవరి 3 రాత్రి మిట్ రోమ్నీ 8 ఓట్ల తేడాతో గెలిచారన్నారు. వారం తిరిగేసరికి ఆయన న్యూహ్యాంప్‌షైర్ కూడా గెలిచారు. పదవిలో లేని రిపబ్లికన్ ఎవరూ ఈ రెండూ గెలవలేదు, చరిత్ర తిరగరాశారని విశ్లేషకులు కలాలు విదిలించారు. జనవరి 19న సరిచూసుకుంటే చరిత్ర మళ్లీ తిరిగింది. రిక్ శాంటోరమ్‌కే 34 ఓట్లు ఎక్కువ. అదీ నిక్కచ్చి లెక్కేం కాదు, ఎనిమిది ప్రిసింక్టుల లెక్కలు ఎప్పటికీ దొరకనే లేదు. రోమ్నీ శిబిరం ఈసారి దాన్ని దాదాపు సమానమన్నది. ఎనిమిది ఎక్కువైతే గెలుపు, ముప్ఫై నాలుగు తక్కువైతే సమానం! ఆగండి, ఇంకా ఉంది. కాకస్ ఓటుకూ చివరి ప్రతినిధికీ మధ్య నెలల తరబడి కౌంటీ, జిల్లా, రాష్ట్ర సమావేశాలుంటాయి. చలిలో వచ్చినవాళ్లు ఇంటికి పోయాక కూడా మూడో స్థానంలో నిలిచిన రాన్ పాల్ మనుషులు కుర్చీలు వదల్లేదు. ఆగస్టులో టాంపాలో జరిగిన పార్టీ మహాసభలో అయోవాకున్న 28 ఓట్లలో 22 ఆయనకే పడ్డాయి. ఎవరు గెలిచారని అయోవా వాళ్లను అడిగితే, ఏ నెల సంగతి అని ఎదురడగాలి.

ఎనిమిదేళ్లకు డెమోక్రాట్లు ఇలాంటి మానవ తప్పిదాలకు తావు లేకుండా ఒక యాప్ చేయించారు. చేసిన కంపెనీ పేరు షాడో. 2020 ఫిబ్రవరి 3 రాత్రి ఆ నీడ ఫలితాల మీద పడి మూడు రోజుల దాకా తొలగలేదు. యాప్ మొరాయించింది, ఫోన్లు చేస్తే లైన్లు బిజీ. అధికారికంగా ఒక్క ఓటూ ప్రకటించకముందే అభ్యర్థులంతా వరసగా ప్రసంగించారు. పీట్ బుటిజెజ్ అయితే విజేతగా న్యూహ్యాంప్‌షైర్‌కు బయలుదేరుతున్నామని చెప్పేశారు. తీరా లెక్క తేలితే జనం ఓట్లు శాండర్స్‌కు ఎక్కువ, ప్రతినిధులు బుటిజెజ్‌కు ఎక్కువ. నాలుగో స్థానంలో ఉన్న బైడెన్ మనుషులు ఈ గందరగోళానికి లోలోపల కొబ్బరికాయ కొట్టి ఉంటారు. తర్వాత న్యూహ్యాంప్‌షైర్‌లో ఆయన ఐదో స్థానానికి దిగి, ఫలితం రాకముందే విమానమెక్కి సౌత్ కరోలినాలో తేలారు. టీవీ పండితులు శ్రద్ధాంజలి రాసుకున్నారు. ఆ ఏడాది చివర అధ్యక్షుడిగా ఎన్నికైంది ఆయనే. నాలుగులోనూ ఐదులోనూ విజయం చూడగల దూరదృష్టి అప్పట్నుంచి అభ్యర్థులకు మరీ ముదిరింది.

ఆ దృష్టికి ఆద్యుడు జిమ్మీ కార్టర్. 1976లో అయోవాలో ఆయన తెచ్చుకున్నది 28 శాతం లోపే. ఎవరికీ కట్టుబడం అన్నవాళ్లు 37 శాతం. అంటే ఆయన కంటే ముందున్నది ఎవరో కాదు, ఎవరూ కారు. ఆ రాత్రి కార్టర్ అయోవాలో కూడా లేరు, తెల్లారి టీవీల్లో మెరవడానికి న్యూయార్క్‌లో ఉన్నారు. గెలిచినట్టే కనబడ్డారు, గెలిచినట్టే రాశారు, ఏడాది తిరక్కుండా శ్వేతసౌధమూ గెలిచారు.

అలా ఎవరూ కానివారి వెనక నిలిచే ఘనత 2024 ఫిబ్రవరి 6న నెవాడాలో నిక్కీ హేలీకి దక్కింది. ప్రతినిధులిచ్చే కాకస్ వేరే ఉంది, ట్రంప్ అందులో ఉన్నారు. ఆయన పేరే లేని ప్రైమరీ బ్యాలెట్ మీద ఆవిడకు 30 శాతం వస్తే, మన నోటాకు అన్నలాంటి ‘వీరెవరూ కాదు’ గడికి 63 శాతం పడ్డాయి. నెవాడా కోసం మేం పైసా ఖర్చు పెట్టలేదని హేలీ శిబిరం వివరణ ఇచ్చుకుంది. ‘వీరెవరూ కాదు’ కూడా పైసా ఖర్చు పెట్టలేదు. అంత మెజారిటీ వచ్చినా వేదికెక్కి ప్రసంగం మాత్రం చేయలేదు.