గద్దించి అడిగిన ఓటీపీ

కథలాపూర్‌లో నాకో చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. పీఎం కిసాన్ ఈకేవైసీ, బీడీ కార్మికుల పెన్షన్‌కు లైఫ్ సర్టిఫికెట్, పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు, గల్ఫ్ పోయేవాళ్ల టికెట్లు నా రోజువారీ పని. వచ్చేవాళ్లకు ఏమీ తెలియదని, చెప్పినా ఎక్కదని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకంతోనే వాళ్లమీద గొంతు పెంచాను. నా మూర్ఖత్వానికి మూల్యం ఇంకొకరు చెల్లించారు కాబట్టి ఈ సంగతి నలుగురిలో చెప్పుకోవాలి.

మా మండలంలో బీడీలు చేయని ఇల్లు తక్కువ. ఉద్యోగుల పెన్షన్ పథకం ఈపీఎస్-95 కింద పెన్షన్ ఆగకుండా రావాలంటే బతికే ఉన్నామని ఏడాదికోసారి రుజువు చూపాలి. 2014 నుంచి కనీస పెన్షన్ నెలకు వెయ్యి రూపాయలే. ఆ వెయ్యి కోసం అవ్వలు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. మెషిన్ మీద బొటనవేలు పెడితే ముద్ర పడదు. ‘గట్టిగ ఒత్తు, గంత గట్టిగ కాదు, తుడుచుకొని పెట్టు’ అని అరిచేవాణ్ణి. ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, మూతి మలిచి, దారం కట్టి అరిగిపోయిన వేళ్లవి. గీతలు మిగల్లేదు. ఇంకో వేలు పెట్టించవచ్చు, ముఖం చూపించే పద్ధతీ ఉంది. కాస్త ఓపిక పడితే అయ్యే పనికి వాళ్లను తిట్టాను.

ఓటీపీ దగ్గర నా తీరు ఇంకా అన్యాయం. ‘మెసేజ్ వచ్చిందా?’ అంటే ‘ఏమో బిడ్డా’ అంటారు. కీప్యాడ్ ఫోన్‌లో ఇన్‌బాక్స్ నిండిపోతే కొత్త మెసేజ్ దిగదు, ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. కొందరి ఆధార్‌కు లింకైన సిమ్ దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్న కొడుకు దగ్గర ఉంటుంది. అమ్మ ఇక్కడ నా ముందు కూర్చుంటే ఓటీపీ అక్కడికి పోతుంది, వాడేమో డ్యూటీలో ఉంటాడు. తీరా వచ్చిన మెసేజ్ ఇంగ్లీషులో ఉంటుంది. ఎవరికీ చెప్పొద్దని అందులోనే రాసి ఉంటుంది. నేను మాత్రం కౌంటర్ ఇవతల నుంచి ‘జల్ది చెప్పు, టైమైతున్నది’ అని గద్దించేవాణ్ణి. ఆ ఆరంకెలు దేనికో ఏనాడూ చెప్పలేదు.

మొన్న మా సెంటర్‌కు ఎప్పుడూ వచ్చే ఒక అవ్వ పాస్‌బుక్ పట్టుకుని వచ్చింది. ఖాతాలో దాచుకున్నదంతా పోయింది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానని ఎవడో ఫోన్ చేసి, ఖాతా బందైతదని బెదిరించి, మెసేజ్‌లో వచ్చిన నంబరు అడిగాడట.

‘ఎందుకు చెప్పినవ్ అవ్వా?’ అన్నాను.

‘నువ్వు అడిగినట్టే అడిగిండు బిడ్డా. చెప్పకుంటే కోప్పడ్తడనుకున్న’ అంది.

నాకు నోట మాట రాలేదు. గట్టిగా అడిగినవాడికి నంబరు అప్పజెప్పాలని ఇన్నాళ్లూ ఆమెకు నేర్పింది నేను. ఆ దొంగకు కొత్తగా చేయాల్సిన పనేమీ మిగల్లేదు.

అప్పుడు కూడా నేను సరైన పని చేయలేదు. కోరుట్ల పోయి బ్యాంకులో అడుగుమని బస్సెక్కించాను. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టాలన్న ఆలోచనే తట్టలేదు. ఫిర్యాదు ఎంత తొందరగా అందితే డబ్బు చేతులు మారకముందే ఆపే వీలు అంత ఎక్కువ. పైగా, ఖాతాదారు రహస్య వివరాలు తానే చెప్పినట్లయితే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదేనని 2017 జూలైలో రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఇచ్చింది. ప్రతి నిమిషానికీ విలువున్న చోట ఆమెను బస్సు కోసం నిలబెట్టాను. ఏమీ తెలియదని ఊరందరినీ కసురుకున్న నాకు తెలిసింది అంతే.

ఇప్పుడు పద్ధతి మార్చుకున్నాను. ఓటీపీ రాగానే మెసేజ్ ఎవరు పంపారో, ఏ పనికో తెలుగులో చదివి చెబుతాను. అంకెలు వాళ్లచేతే కొట్టిస్తాను. పాత మెసేజ్‌లు తీసేయడం చూపిస్తాను. ఒక్కో మనిషికి టైం ఎక్కువే పడుతుంది, లైన్‌లో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. అయినా ఈ పని ఇట్లాగే చేయాలి. అవ్వలు ఇప్పుడు ‘ఇది దేనికి బిడ్డా?’ అని అడుగుతున్నారు. ఒకప్పుడు ఆ ప్రశ్నకే నాకు చిరాకు వచ్చేది. వాళ్లను కాపాడేది ఆ ప్రశ్నే.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్లలో నాలాగే సెంటర్లు నడుపుతున్న అన్నలారా, తమ్ముళ్లారా, మన గొంతు వాళ్లకు అలవాటవుతుంది. రేపు అదే గొంతుతో వేరేవాడు ఫోన్ చేస్తాడు. కౌంటర్ దగ్గర ఎవరినీ గద్దించకండి. 1930 నంబరు గోడమీద పెద్దక్షరాల్లో రాయించండి. మోసం జరిగిందని తెలిసిన మరుక్షణం ముందు ఆ నంబరుకే ఫోన్ చేయించండి, ఆ వెంటనే బ్యాంకుకూ తెలియజేయించండి.