ఒక్కరికి ఎందరు?

ఇంగ్లీషులో నామం ఏ వచనంలో ఉంటే దాని బదులు వచ్చే సర్వనామమూ అదే వచనంలో ఉండాలి. సూత్రం ఇంతే. కొబ్బరికి వెయ్యి కాయల లెక్కన ధర పలికే అంబాజీపేటలో, ఒక కొట్టు అరుగు మీద ఈ సూత్రంపై నడిచిన వాదం ఇది.

గ్రామరు మాస్టారు: ‘బాయ్’కి ‘హిజ్’, ‘బాయ్స్’కి ‘దెయిర్’. ‘ఎవ్రీ స్టూడెంట్’ అంటే ఒక్కడే, ‘హిజ్ బుక్’ అనాలి. ‘దెయిర్’ రాస్తే సున్నా.

కొబ్బరి షావుకారు: ఆయ్. క్లాసులో ఆడపిల్లలుంటేనండి?

మాస్టారు: ‘హిజ్’లో వాళ్లూ ఉన్నట్టే.

ప్లీడరు గుమాస్తా: 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్టు 13వ సెక్షను కూడా అదే మాటండి. పుంలింగంలో స్త్రీలూ చేరతారు. ఏకవచనంలో బహువచనం, బహువచనంలో ఏకవచనం కలుస్తాయి.

షావుకారు: రెండూ ఒకటేనని సర్కారే రాసిచ్చాక, ‘దెయిర్’ రాసిన మావాడికి సున్నా ఏంటండి?

మాస్టారు: అది చట్టం. ఇది గ్రామరు.

కాలేజీ అమ్మాయి: ఒక్కరికి ‘దే’ వాడటం 14వ శతాబ్దం నుంచీ ఉందండి. తప్పని తేల్చింది 18వ శతాబ్దపు పండితులు. 2019లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు దాన్నే ఆ ఏటి మాటగా ఎంచింది.

మాస్టారు: ఒక్కరికి బహువచనమా! తర్కం ఉండక్కర్లేదూ?

షావుకారు: మాస్టారు భోంచేశారాండి?

మాస్టారు: చేశాను.

షావుకారు: ఎంతమంది చేశారండి?

అమ్మాయి: ‘యూ’ కూడా ఒకప్పుడు బహువచనమేనండి. ఒక్కరికి ‘దౌ’ ఉండేది. మర్యాద పేరుతో ‘యూ’ వచ్చి దాన్ని సాగనంపింది. అందుకే ఒక్కరున్నా ‘యూ ఆర్’ అంటాం.

షావుకారు: మరి తెలుగులో పాలు విరిగాయంటాం కదండి?

మాస్టారు: ‘మిల్క్’ ఏకవచనం, ‘ఇట్’ అనాలి. ‘సిజర్స్’ మాత్రం కత్తెర ఒకటే అయినా ‘దే’.

షావుకారు: కత్తెరకి చెల్లిన గౌరవం మనిషికి చెల్లదాండి?

గుమాస్తా: ‘కమిటీ’ మాటేంటండి?

అమ్మాయి: అమెరికాలో ఎక్కువగా ‘ఇట్’. బ్రిటన్‌లో రెండూ నడుస్తాయి.

గుమాస్తా: అయితే మా కమిటీ తీర్మానం చేస్తే ‘ఇట్’, తన్నుకుంటే ‘దే’.

మాస్టారు: సరే, పరీక్షలో నామాన్నే బహువచనం చేసేయండి. ‘ఆల్ స్టూడెంట్స్’ అంటే ‘దెయిర్’కి అడ్డే లేదు.

షావుకారు: ఆయ్. అంటే తప్పు దిద్దుకోవడం కాదండి, తప్పుకుపోవడం.