పది పాసైతే పదిలమే!

మన పాస్‌పోర్టులు రెండు రకాలు. పదో తరగతి తప్పినవాడి పుస్తకంలో 'ఈసీఆర్' అని అచ్చేస్తారు. సౌదీ, కువైట్ మొదలుకొని మలేసియా దాకా 18 దేశాల్లో ఎక్కడ పనికి వెళ్ళాలన్నా 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్' అనే దొరగారు సరే అనాలి. పాసైనవాడికి ఆ బాధ లేదు. లసాగు, గసాభా వచ్చినవాణ్ణి ఏ సేఠూ మోసం చేయలేడని సర్కారు ధీమా. ఇన్‌కమ్‌టాక్స్ కట్టేవాడికీ మినహాయింపే. ఆ పని సర్కారు ముందే కానిచ్చేసింది గనక కాబోలు.

ఈ రక్షణ నిన్నమొన్నటిది కాదు. ఓడెక్కే కూలీని, ఏజెంటుని అధికారి ముందు నిలబెట్టి ఒప్పందం చూపించాలని 1837లోనే కుంఫిణీ చట్టం చేసింది. 1860లో మద్రాసు నుంచి నేటాల్ చెరకు తోటలకు ట్రూరో ఓడలో మనవాళ్ళు వెళ్ళింది కూడా కాగితాలన్నీ సక్రమంగా ఉండే!

1922 మార్చిలో తెల్లదొరలకు మళ్ళీ దయ పొంగి, కొత్త వలస చట్టం తెచ్చారు. సముద్రం దాటే కూలీకి రక్షకుడున్నాడు సరే, మా నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేస్తున్న మన్యం కూలీకో? గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ ఉన్నాడు! వెట్టి చేయించుకుని కూలి ఎగ్గొట్టే రకం. చివరికి వాళ్ళకీ ఒక రక్షకుడు దొరికాడు. ఆయన దగ్గర ముద్ర లేదు, ఆఫీసు లేదు. ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయాడు. ఆయన పేరు ఈ తాలూకాలో చెప్పనక్కర్లేదు.

1922 చట్టం పోయి 1983లో మన చట్టం వచ్చింది. రక్షకుడు మాత్రం కదల్లేదు. 2018 జనవరిలో విదేశాంగ శాఖకు ఇంకో ఆలోచన తట్టింది: ఈసీఆర్ వాళ్ళకు నారింజ రంగు పాస్‌పోర్టు ఇవ్వాలని. వీడు చదువుకోనివాడని ఎయిర్‌పోర్టులో స్వీపరు దాకా అందరికీ తెలియొద్దూ మరి! దేశమంతా గోల లేచేసరికి ఆ నెలాఖరుకే మానుకున్నారు.

2024లో విశాఖ పోలీసులు కాంబోడియా ముఠా గుట్టు బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్ళి, మన కుర్రాళ్ళ చేత సైబర్ మోసాలు చేయించారు. ఆ పనికి నిశానీగాళ్ళు పనికిరారు, కంప్యూటరు తెలిసిన చదువరులే కావాలి. అంటే రక్షణ అక్కర్లేదని సర్కారు వదిలేసిన బాపతే. పైగా కాంబోడియా ఆ 18 దేశాల జాబితాలోనే లేదు. అందుకే ఈ రోజుల్లో సబ్‌ఏజెంటు ముందు అడిగేది, "పది పాసయ్యావా బాబూ?" అని. అయ్యానంటే వాడికి సగం పని తప్పినట్టే.