బూట్లకు గాలి తగలనివ్వరా?

మా రోజుల్లో మనిషికి ఒకటే జత. చాలామందికి అదీ లేదు, ఆ లేమిని నేను పొగడను. కానీ ఉన్న ఆ ఒక్క జతనీ ఎంత పద్ధతిగా చూసేవాళ్ళం! కొత్త తోలు చెప్పులు కరుస్తాయని ఆముదం రాసేవాళ్ళం. ఇంటికి రాగానే వీధరుగు పక్కన విడిచి, చెంబెడు నీళ్ళతో కాళ్ళు కడుక్కుంటే గానీ గడప దాటనిచ్చేవారు కాదు. తెల్లారేసరికి చెప్పులు ఆరి ఉండేవి.

ఇప్పుడు ఏ ఫ్లాటుకు వెళ్ళినా గుమ్మం పక్కన తలుపులు బిగించిన షూ ర్యాకే. పిల్లవాడు బడి నుంచి వస్తాడు. పొద్దుట్నుంచీ తొడుక్కున్న బూట్లు విప్పి, చెమటకు తడిసిన సాక్సులు వాటిలోనే కుక్కి, లోపలికి తోసి తలుపు మూసేస్తాడు. మర్నాడు మళ్ళీ ఆ తడి బూట్లే. కంపు కొడితే పైన సెంటు చల్లుతారు! చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

ఒంట్లో చెమట గ్రంథులు బాగా ఒత్తుగా ఉండే చోట్లలో అరికాలు ఒకటి. ఆ తడీ, వెచ్చదనం, చీకటీ ఒకచోట చేరితే బూజుజాతి క్రిములకు పండగే. ముందు చిటికెనవేలి సందు నాని తెల్లబడుతుంది, తర్వాత దురద, పొట్టు. గోళ్ళకు పాకిందా, నెలల తరబడి మందులు వాడాలి. మందు పూసుకున్న కాలిని మళ్ళీ ఆ బూటులోనే పెడితే ఎలా తగ్గుతుంది?

విప్పగానే లేసులు వదులు చేసి, నాలుక పైకి లాగి, లోపలి అట్ట బయటికి తీసి గాలికి పెట్టండి. వానకు తడిస్తే పాత న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, అవి తడవగానే మార్చండి. తోలును మండుటెండలో పెట్టకండి, బిరుసెక్కి పగులుతుంది. ఫ్యాను కింద చాలు. రెండు జతలుంటే రోజు మార్చి రోజు వేయండి, చెప్పుల్లా కాదు, ఒక్క రాత్రిలో బూటు లోపలి తోలు పూర్తిగా ఆరదు. విశాఖ లాంటి సముద్రపు ఊళ్ళలో వానాకాలం మూసిపెట్టిన తోలుకు తెల్లగా బూజు పడుతుంది. కొన్నాళ్ళు వాడనివైతే బాగా ఆరాక గుడ్డ సంచిలో దాచండి, ప్లాస్టిక్ కవరులో వద్దు.

షుగరున్నవాళ్ళకైతే మరీ మరీ చెబుతున్నాను. పాదాలు మొద్దుబారితే లోపల గులకరాయి ఉన్నా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. తొడుక్కునే ముందు బూటు దులిపి, లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి. ఇక ఆ ర్యాకు తలుపులంటారా, వడ్రంగిని పిలిచి జాలీ పెట్టించండి. అందాకా రాత్రిళ్ళు బార్లా తెరిచి ఉంచండి.