ఆకుకో పొర

హైదరాబాదు మిద్దె తోటల్లో కొత్తవాళ్లు పాలకూరతోనో టమాటాతోనో మొదలుపెడతారు. రిటైరైన ఓ బ్యాంకు మేనేజరు గారు మాత్రం ఏకంగా ఉల్లి మీద పడ్డారు. కారణం ఆర్థికం. రబీ నిల్వలు అడుగంటి, ఖరీఫ్ పంట ఇంకా పూర్తిగా దిగని అక్టోబరు, నవంబరుల్లో ఉల్లి ధర మండుతుంది. 1998లో ఢిల్లీ ప్రభుత్వం ఓడిపోవడంలో దానికీ చెయ్యుందంటారు.

నారు పోసి పెంచే ఓపిక లేనివాళ్లకు చిట్టి గడ్డల పద్ధతుంది. జనవరి, ఫిబ్రవరుల్లో ఒత్తుగా విత్తి, వేసవిలో పీకి ఆరబెట్టిన గడ్డలను ఆగస్టులో నాటితే నవంబరుకల్లా ఉల్లి చేతికొస్తుంది. అగ్రిఫౌండ్ డార్క్ రెడ్ లాంటి ఖరీఫ్ రకాలు ఇందుకు పనికొస్తాయి.

ఆయన చిట్టి గడ్డల బుట్టంతా గాలించి బాగా లావువే ఏరారు. డిపాజిట్ పెద్దదైతే వడ్డీ ఎక్కువ కదా! ఉల్లి లెక్క వేరు. రెండు సెంటీమీటర్లు మించిన గడ్డ ఊరడం మానేసి పూకాడ ఎత్తేయొచ్చు, లేదా రెండుగా చీలిపోవచ్చు. కొన్ని ఎత్తాయి, కొన్ని చీలాయి. బుట్ట అడుగున మిగిలిన బక్కవాటిని వాళ్లావిడ పక్క తొట్టిలో గుచ్చారు. అవే బుద్ధిగా పెరిగాయి.

అసలు తగువు అక్కడే మొదలైంది.

ఉల్లిలో ఆకు మొదలే ఉబ్బి పొరవుతుంది. ఆకులు ఎన్నుంటే గడ్డ అంత లావు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆయన రోజూ పొద్దున్నే ఆకులు లెక్కబెట్టేవారు. ఓ రోజు లెక్క తప్పింది.

"ఏమేవ్, నిన్న ఎనిమిదున్నాయి, ఇవాళ అయిదే!"

"రాత్రి పప్పులో ఉల్లికాడలు అదిరాయని రెండోసారి వడ్డించుకున్నది ఎవరండీ?"

చివరికి రాజీ కుదిరింది. ఆవిడ తొట్టిలో గడ్డలు ఒకదానికొకటి ఆనుకునేలా, కాడల కోసం. ఆయన తొట్టిలో నాలుగంగుళాల ఎడంతో, కత్తి నిషిద్ధం.

నవంబరొచ్చింది. విదేశీ వీడియోలో చెప్పినట్టు కాడల మెడలు వాటంతటవే వాలతాయని ఆయన కాపలా కాశారు. ఖరీఫ్ ఉల్లి సాధారణంగా అలా వాలదు. ఆకు కాస్త పసుపెక్కగానే మనమే వంచాలి. ఆవిడ చీర కుచ్చిళ్లు దోపుకుని, తొట్టంతా అరచేత్తో వంచేశారు. ఆయన గుండె గుభేలుమంది.

పీకిన గడ్డలు హాల్లో పాత పేపర్ల మీద ఆరుతున్నాయి. ఖరీఫ్ ఉల్లి ఎక్కువ రోజులు నిలవదని ఆవిడ చెబుతూనే ఉన్నారు. ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపేదాకా ఒక్కటీ ముట్టుకోవద్దన్నారాయన. ఆ పూట సాంబారుకు ఆవిడ రైతుబజారు నుంచి కిలో ఉల్లి తెప్పించారు.