చెట్టెక్కని కల్లు

ఇంట్లోనే బీరు కాచుకునే తీరిక ఉన్న దేశాల్లో ఒక లెక్క నడుస్తుంది. ఐదు కిలోల బార్లీ మాల్టు వేడినీళ్లలో నానేసి ఇరవై లీటర్ల తియ్యని రసం వడగడతారు. గింజలోని చక్కెరంతా దిగితే, రసం చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు 1.075 దగ్గర నిలవాలి. 1.056 చూపిందంటే దిగుబడి నూటికి డెబ్బై ఐదు. రసం చల్లారకుండా ముంచితే రీడింగు తప్పుతుందని ఒక దిగులు. మిగతా పాతిక పిప్పిలో పోయిందని ఇంకో దిగులు. నూరు దాటించిన మొనగాడు మాత్రం ఇంతవరకూ పుట్టలేదు.

పాపం, వాళ్లు పాలమూరు చూడలేదు.

ఇక్కడ ఈదుచెట్టు రోజుకు నాలుగైదు లీటర్లు పోస్తే గీసే గౌడు మురిసిపోతాడు. అదీ చలికాలంలో. ఎండ ముదిరాక మోకు బిగించి పైకెక్కినా లొట్టి అడుగు తడవడమే గగనం. కల్లు డిపోలో మాత్రం వడగాడ్పు కొట్టినా, ముసురు పట్టినా పాత బీరుసీసాల క్రేట్లు అదే ఎత్తున లేస్తాయి. చెట్టు కల్లు సాయంత్రానికి పులిసి ముఖం చిట్లించేలా చేస్తుంది. డిపోలోని ఈ మందు కలిపిన కల్లు మర్నాటికీ మర్యాద తప్పదు. దీని ముందు నూరు శాతమన్నది చిన్నపిల్లల లెక్క. చెట్టు ఇవ్వనిది బోరుబావి, శాక్రిన్, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిసి ఇస్తాయి. డాక్టరు మిల్లీగ్రాముల్లో రాసే మందుకు ఇక్కడ చేతి అందాజే కొలత.

చెట్టెక్కేవాడు జారిపడకుండా 2024లో సర్కారు కాటమయ్య రక్షణ కవచం ఇచ్చింది. చెట్టే ఎక్కకుండా కల్లు తీసేవాడికి ఆ ఖర్చు కూడా లేదు.

కొలిచే సాధనం మనకు లేదనకండి. 2015లో డిపోలపై దాడులు చేసి ఈ మందు కల్లు ఆపేసరికి పాలమూరు, నిజామాబాద్ జిల్లాల్లో జనం చేతులు వణికి, మతి తప్పి, ఫిట్స్ వచ్చి దవాఖానల్లో పడ్డారు. తాగినందుకు కాదు, తాగనందుకు. మనుషులే హైడ్రోమీటర్లయ్యారు, రీడింగు మంచాల లెక్కన వచ్చింది. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి ప్రాణాలు పోయాక మళ్లీ శాంపిళ్లు తీశారు.

ఎక్సైజు శాఖకు లెక్కలు రావనుకుంటే పొరపాటు. 2025లో 2,620 మద్యం దుకాణాలకు 95,137 దరఖాస్తులు రాబట్టింది. తలా మూడు లక్షలు, లాటరీ తగలకున్నా తిరిగివ్వరు. మొత్తం 2,854 కోట్లు. గింజ నానలేదు, పొయ్యి వెలగలేదు, సీసా మూత లేవలేదు! పిప్పిని కూడా పిండడమంటే ఇదీ. అదే ఎవడో సరదాకు లైసెన్సు లేకుండా వంటింట్లో మాల్టు నానేసి బీరు కాస్తే 1968 నాటి ఎక్సైజు చట్టం కింద ముద్దాయి. వాడి హైడ్రోమీటరే సాక్ష్యం.

ఇంత గణితం తెలిసిన శాఖకు ఒక్క భాగహారం కష్టమా? నల్లగొండ తాళ్లనూ పాలమూరు ఈదులనూ కలుపుకొని, నిన్న డిపోల్లో లేచిన సీసాలను నిన్న గీసిన చెట్లతో భాగిస్తే ఎంతొస్తుంది సార్?